పాత పెయింటు గీకే పనివాడికి చట్టం ఎక్కడ అందుతుంది: అమెరికా 1993 నిబంధనపై కేస్ స్టడీ

సీసం పెయింటు మీద చాలా దేశాల్లో చట్టాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం కొత్త డబ్బానే పట్టుకుంటాయి: ఇంతకు మించి సీసం ఉంటే తయారు చేయకూడదు, అమ్మకూడదు అంటాయి. కొనేవాళ్లకు, ఇంట్లో తిరిగే పిల్లలకు అది గట్టి రక్షణే. కానీ పెయింటరుకు, వెల్డరుకు, కూల్చివేత కూలీకి ఒంట్లోకి సీసం ఎక్కేది ఎక్కువగా కొత్త డబ్బా నుంచి కాదు. ఎప్పుడో పూసిన పొరను గీకినప్పుడు, కాల్చినప్పుడు, బ్లాస్టింగ్ చేసినప్పుడు (ఇసుకలాంటి గరుకు రేణువులను ఒత్తిడితో కొట్టి పూత ఊడగొట్టినప్పుడు) ఎక్కుతుంది. ఆ పొర అమ్మకానికి లేదు కాబట్టి అమ్మకాల చట్టానికి దాని మీద పట్టు లేదు. అక్కడ పనికొచ్చేది కార్మిక చట్టమే.

అలాంటి చట్టాల్లో అమెరికా నిర్మాణ రంగానికి 1993లో తెచ్చిన సీసం నిబంధనను వాక్యం వాక్యంగా చదవాలి. దాని అమరిక చాలా తెలివైనది. దాని అంకెలు మాత్రం ఎప్పుడో పాతబడ్డాయి. చట్టం రాసేవాళ్లు, సైట్‌లో అమలు చేసేవాళ్లు ఈ రెంటినీ విడదీసి చూడాలి. అమరికను తీసుకోవచ్చు, అంకెలను తీసుకోకూడదు.

పదిహేనేళ్లు బయటే ఉన్న రంగం

1978లో అమెరికాలో రెండు నియమాలు వచ్చాయి. వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఇళ్లలో వాడే పెయింటులో సీసాన్ని 600 పీపీఎంకు, అంటే 0.06 శాతానికి పరిమితం చేసింది. (2009 ఆగస్టులో అది 90 పీపీఎంకు దిగింది.) అదే ఏడాది కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిశ్రమల కోసం సీసం ప్రమాణం ప్రకటించింది. ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సీసానికి మించకూడదు. రక్త పరీక్షలు చేయించాలి. రక్తంలో సీసం పెరిగినవాణ్ని జీతం తగ్గించకుండా ఆ పని నుంచి తప్పించాలి. బ్యాటరీ ఫ్యాక్టరీ కార్మికుడికి ఇవన్నీ దక్కాయి. నిర్మాణ రంగాన్ని మాత్రం మినహాయించారు. వంతెన ఉక్కు మీది రెడ్ లెడ్ ప్రైమర్ (తుప్పు పట్టకుండా అడుగున పూసే సీసపు పూత) ఊడగొట్టేవాడికి పాత పరిమితి 200 మైక్రోగ్రాములే మిగిలింది, దానికి తోడు ఏ రక్త పరీక్షా లేదు.

నిర్మాణ రంగంలో అసలు చిక్కు ఇది. ఫ్యాక్టరీలో అదే యంత్రం, అదే మనిషి, అదే చోటు. ఈ నెల గాలి నమూనా తీస్తే వచ్చే నెల సరిచేసుకోవచ్చు. సైట్‌లో అలా కుదరదు. నమూనా తీసి, ల్యాబుకు పంపి, ఫలితం వచ్చేలోగా పని ముగిసి మనుషులు ఇంకో సైట్‌కు వెళ్లిపోతారు. 'ముందు కొలువు, మించితే రక్షణ ఇవ్వు' అనే వరుసలో రాసిన ఏ నియమమైనా ఇక్కడ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

1992 అక్టోబరు 28న ఇళ్లలోని సీసం పెయింటు ప్రమాదాల తగ్గింపు చట్టం వచ్చింది. దాని 1031వ సెక్షన్ ఓషాకు గడువు పెట్టింది: 180 రోజుల్లో నిర్మాణ కార్మికుల కోసం మధ్యంతర తుది నిబంధన, అంటే తాత్కాలికమైనా అమలయ్యే నిబంధన, ఇవ్వాలి. 1993 మే 4న అది ప్రచురితమైంది, జూన్ 3 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ దాని హోదా మధ్యంతరమే.

నిజానికి దుమ్ము సంగతి 1993లో కొత్తగా తెలిసింది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఆమోదించిన వైట్ లెడ్ (పెయింటులో కలిపే తెల్ల సీసపు పొడి) ఒప్పందం, పదమూడో నంబరుది, భవనాల లోపలి పెయింటింగ్‌లో వైట్ లెడ్‌ను, లెడ్ సల్ఫేటును నిషేధించింది. రైల్వే స్టేషన్లకు, పరిశ్రమలకు మినహాయింపు ఇచ్చింది. నిషేధం లేని చోట్ల పొడిగా రుద్దడం, గీకడం వల్ల లేచే దుమ్మును అరికట్టాలని, పని మధ్యలోనూ ముగిశాకా కడుక్కునే వసతి ఉండాలని, పని దుస్తులు తొడగాలని, విడిచిన మామూలు బట్టలకు పెయింటు అంటకుండా చూడాలని, సీసపు విషప్రభావం అనుమానం వచ్చిన ప్రతి కేసునూ తెలియజేసి డాక్టరు చేత నిర్ధారించాలని అయిదో అధికరణంలో రాశారు. నూరేళ్ల తర్వాత కూడా సైట్ తనిఖీకి ఇంతకన్నా మంచి జాబితా దొరకదు. లోపమల్లా, ఆడవాళ్లను, పద్దెనిమిదేళ్లు నిండని అబ్బాయిలను ఆ పని నుంచే తప్పించి, పనిని మాత్రం దాదాపు అలాగే వదిలేయడం.

శాతం వెంట కాదు, పని వెంట

1993 నిబంధనలో కీలకం దాని ట్రిగ్గర్. పెయింటులో సీసం ఇంత శాతం దాటితేనే వర్తిస్తుందని ఎక్కడా లేదు. సీసం ఉన్న పూత మీద ఫలానా పని మొదలైతే చాలు, బాధ్యత మొదలవుతుంది. గాలిలో కొలవక ముందే ప్రమాదం ఉన్నట్టు భావించాలి. లేదని చూపించే భారం యజమానిది.

పనులు మూడు అంచెలు. మొదటి అంచెలో చేత్తో గీకడం, చేత్తో ఎమరీ పట్టడం, హీట్ గన్ వాడకం, గోడ పలకల్లాంటివి చేత్తో కూల్చడం, దుమ్ము లాగే అమరిక ఉన్న పవర్ టూల్స్, సీసం పెయింటు స్ప్రే చేయడం ఉంటాయి. వీటికి గాలిలో సీసం 50 దాటి 500 మైక్రోగ్రాముల దాకా ఉందనుకోవాలి. రెండో అంచె దుమ్ము లాగే అమరిక లేని గ్రైండర్లు, రివెట్లు విరగగొట్టడం, బ్లాస్టింగ్ తర్వాత పొడి అబ్రేసివ్ (కొట్టిన గరుకు రేణువులు) ఎత్తడం, బ్లాస్టింగ్ టెంటు విప్పి జరపడం. ఇక్కడ 500 నుంచి 2,500. మూడో అంచె అబ్రేసివ్ బ్లాస్టింగ్, పూత తీయకుండానే వెల్డింగ్, గ్యాస్ కటింగ్, టార్చితో కాల్చడం. ఇక్కడ 2,500 పైనే.

ఈ హద్దులు మాస్కుల పట్టికతో సరిగ్గా కలుస్తాయి. ముఖానికి సరిపోయిన హాఫ్ మాస్కు పది రెట్ల దాకా కాస్తుంది, అంటే 500 దాకా. ఫుల్ ఫేస్ మాస్కు యాభై రెట్లు, అంటే 2,500 దాకా. ఆ పైన 1993 పట్టిక చూపిన దారి బయటి నుంచి గాలి అందించే పరికరం. అంటే పని పేరు చెప్పగానే సూపర్‌వైజరుకు మాస్కు రకం తెలిసిపోతుంది, ల్యాబు ఫలితం కోసం ఆగనక్కర్లేదు. ఇదంతా కొలత సరిపోయిన మాస్కుకే, గడ్డం లేని ముఖానికే. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఈ లెక్కల్లో ఎక్కడా రాదు.

శాతం హద్దు ఎందుకు పనికిరాదో చిన్న లెక్కతో తేలుతుంది. గీకుతున్నప్పుడు ఘనపు మీటరు గాలిలో 10 మిల్లీగ్రాముల పెయింటు దుమ్ము ఉందనుకుందాం. ఆ పెయింటులో సీసం 0.5 శాతమైతే గాలిలో సీసం 50 మైక్రోగ్రాములు, సరిగ్గా పరిమితి దగ్గర. 0.06 శాతమైతే 6 మైక్రోగ్రాములే. ఇప్పుడు అదే 0.06 శాతం పూతను బ్లాస్టింగ్ చేస్తూ దుమ్మును 500 మిల్లీగ్రాములకు చేర్చితే సీసం 300 మైక్రోగ్రాములు, పరిమితికి ఆరు రెట్లు. అమ్మకాల చట్టం ప్రకారం ఒకప్పుడు 'సీసం లేని' పెయింటే అది. డబ్బా మీది అంకె దుమ్ము గురించి ఏమీ చెప్పదు.

అందుకే 'పెయింటులో సీసం 600 పీపీఎం లోపే, నిబంధన వర్తించదు' అని టెండరులో రాస్తే అది చట్టప్రకారం నిలవదు. నమూనా ఫలితాన్ని కూడా అలాగే అనుమానంగా చూడాలి. పై పొర మాత్రమే చెక్కి పంపితే కింద ఉన్న రెడ్ లెడ్ ప్రైమర్ కనబడదు. బ్లేడు లోతుగా దిగి కర్రనో ప్లాస్టరునో కలిపి పంపితే బరువు పెరిగి శాతం తగ్గిపోతుంది. అన్ని పొరలూ కలిపి, అడుగు పదార్థం రాకుండా చెక్కాలి. చెక్కిన వైశాల్యాన్ని కొలిచి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో కూడా ల్యాబును అడగాలి. అడుగు పదార్థం కలిసినా ఆ అంకె పలచబడదు. భవనం అంతటికీ ఒక్క నమూనా చాలదు. రంగు, భాగం, పూసిన కాలం మారిన ప్రతిచోటా వేరే నమూనా కావాలి.

మొదటి రోజు నుంచి ఇవ్వాల్సినవి

కొలత రాకముందే ఆరు ఇవ్వాలి: మాస్కు, పని దుస్తులు, బట్టలు మార్చుకునే చోటు, చేతులు కడుక్కునే వసతి, రక్త పరీక్ష, శిక్షణ. కాంట్రాక్టర్లు ఎక్కువగా మొదటి రెండు ఇచ్చి ఆగిపోతారు. రక్తంలోకి సీసం చేరే దారి ముక్కు ఒక్కటే అయితే అది చాలేది. బీడీ పట్టిన వేళ్లు, అన్నం తిన్న చేతులు, ఇంటికి తొడుక్కెళ్లిన చొక్కా, ఇవి కూడా దారులే. చొక్కా సంగతిలో చివరికి తగిలేది ఇంట్లోని పసిపిల్లలకు.

బట్టలు మార్చుకునే చోటు విషయంలో అసలు పని గోడలు కట్టడం కాదు, వరుస ఏర్పాటు చేయడం. ముందు మురికి వైపు పని దుస్తులు హెపా (అతి సన్నటి దుమ్మును ఆపే ఫిల్టరున్న) వాక్యూమ్‌తో శుభ్రం చేసి విప్పాలి, దులపకూడదు. తర్వాత కడుక్కోవాలి, వీలైతే షవర్. ఆ తర్వాతే శుభ్రమైన వైపు ఇంటి బట్టలు. రెండు వైపులా ఒకే తలుపుంటే ఈ ఏర్పాటు మొత్తం వృథా. గాలిలో సీసం సగటున 200 మైక్రోగ్రాములు దాటితే పని దుస్తులు రోజూ శుభ్రమైనవి ఇవ్వాలి, లేకపోతే వారానికి ఒకసారి. ఉతికించే బాధ్యత యజమానిదే. ఉతికే చోటికి దుస్తులను మూసిన డబ్బాలో, సీసం ఉందని హెచ్చరిక రాసి పంపాలి.

శుభ్రం చేయడం దగ్గర చాలా సైట్లు తప్పు చేస్తాయి. రోజు చివర చీపురు పట్టడం, కంప్రెసర్ గాలితో బట్టలూ చెక్కలూ ఊదడం అలవాటు. బట్టలు ఊదడాన్ని నిబంధన పూర్తిగా నిషేధించింది. మిగతా వాటిని ఊదడాన్ని కూడా నిషేధించింది, లేచిన దుమ్మును అప్పటికప్పుడు లాగే ఏర్పాటు ఉంటే తప్ప. చీపురు, పార వాడాలంటే ముందు వాక్యూమ్ ప్రయత్నించి, అది పనిచేయలేదని తేలాలి. మామూలు వాక్యూమ్ ఇంకా ప్రమాదం. సన్నటి సీసపు దుమ్ము దాని సంచిలోంచి దాటి గది అంతా పరుచుకుంటుంది.

గాలి కొలత: పరిమితి షిఫ్టుతో మారుతుంది

పనివాడి కాలరు దగ్గర, ముక్కుకు జానెడు దూరంలో ఫిల్టరు క్యాసెట్ తగిలించి, నడుముకు పంపు కట్టి షిఫ్టు మొత్తం తీయాలి. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున ఎనిమిది గంటలకు 960 లీటర్లు వస్తాయి. చర్యలు మొదలవ్వాల్సిన స్థాయి 30 మైక్రోగ్రాములు. ఆ స్థాయిలో ఫిల్టరు మీద సుమారు 29 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. షిఫ్టులో సీసం పని జరిగే కాసేపు మాత్రమే పంపు పెట్టి, ఆ అంకెను నేరుగా పరిమితితో పోల్చడం ఎంత తప్పో, తీరిక గంటల్లో పంపు తిప్పి సగటు తగ్గించడం కూడా అంతే తప్పు.

రెండు గంటలే గీకాడు కాబట్టి భయం లేదనే మాట తరచూ వినబడుతుంది. ఆ రెండు గంటలూ గాలిలో 240 మైక్రోగ్రాములుంటే, మిగతా ఆరు గంటలు సున్నా అనుకున్నా సగటు 60. పరిమితి దాటింది.

షిఫ్టు ఎనిమిది గంటలు మించితే పరిమితి తగ్గుతుంది. 400ను గంటలతో భాగించాలి. పది గంటల షిఫ్టుకు 40, పన్నెండు గంటలకు 33. సైట్లలో ఓవర్‌టైమ్ మామూలే కాబట్టి ఈ చిన్న సూత్రాన్ని మరిచిపోతే రిపోర్టు కాగితం మీద పాసవుతుంది, మనిషి కాడు.

పాత సైట్ ఫలితాలు కొత్త సైట్‌కు వాడుకోవచ్చు, కానీ అవి పన్నెండు నెలల లోపువై ఉండాలి. పనితీరు, పదార్థం, నియంత్రణ పద్ధతులు, చుట్టూ ఉన్న పరిస్థితులు దగ్గరగా ఉండాలి. ఆరుబయట గాలి వీచే చోట తీసిన ఫలితాన్ని మూసిన మెట్ల గదికి చూపించడం చెల్లదు. ఫలితం వచ్చాక అయిదు పని రోజుల్లో పనివాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

రక్త పరీక్ష, జీతం భద్రత

గాలి కొలత పని గురించి చెబుతుంది, రక్తం మనిషి గురించి చెబుతుంది. చర్యల స్థాయికి ఒక్క రోజు చేరినా మొదటి రక్త పరీక్ష ఇవ్వాలి. ఏడాదిలో ముప్పై రోజులు దాటితే మొదటి ఆరు నెలలు రెండు నెలలకొకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి పరీక్ష ఉండాలి. డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు చేరితే మళ్లీ రెండు నెలలకొకసారి. 50 చేరి, రెండు వారాల్లో చేసిన మలి పరీక్షలోనూ అంతే ఉంటే సీసం పని నుంచి తప్పించాలి. వరసగా రెండు పరీక్షల్లో 40కి దిగాకే తిరిగి చేర్చాలి.

నమూనా తీసే తీరులో కూడా పొరపాట్లున్నాయి. వేలి కొన నుంచి తీస్తే చర్మం మీది దుమ్ము రక్తంలో కలిసి అంకె ఉబ్బుతుంది. నరం నుంచే తీయాలి. రక్తంలోని సీసం ఇటీవలి నెలల సంగతి చెబుతుంది, సుమారు నెలకు సగమవుతుంది. పని ఆపి నెల గడిచాక పరీక్షకు పంపితే అసలు స్థాయి కనబడదు. రక్తంతో పాటు అడిగే జింక్ ప్రోటోపార్ఫిరిన్ పరీక్ష (రక్తం తయారీ మీద సీసం ప్రభావాన్ని చూపేది) మూడు నాలుగు నెలల సగటుకు అద్దం పడుతుంది, కానీ తక్కువ స్థాయిలను అది పట్టుకోలేదు. దాని మీద మాత్రమే ఆధారపడకూడదు. అంకె తగ్గించడానికి ముందుజాగ్రత్త పేరుతో కీలేషన్ మందులు (ఒంట్లోని సీసాన్ని పట్టి బయటికి పంపేవి) ఇవ్వడాన్ని నిబంధన సూటిగా నిషేధించింది. ఆ నిషేధం రాయాల్సి వచ్చిందంటే పరిశ్రమలో ఏం జరుగుతుండేదో ఊహించవచ్చు.

తప్పించిన కాలానికి పద్దెనిమిది నెలల దాకా పూర్తి సంపాదన, సీనియారిటీ కాపాడాలన్నది ఈ చట్టానికి ప్రాణం. అది లేకపోతే ఎవరూ పరీక్షకు చేయి చాపరు. 1978 ప్రమాణంలో ఉన్న ఈ ఏర్పాటును యాజమాన్యాలు సవాలు చేస్తే 1980లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు నిలబెట్టింది. అయితే నిర్మాణ రంగపు నిబంధనలో ఒక ఉపవాక్యం చేరింది: తప్పించిన ఆ పని కొనసాగుతున్నంత కాలం. ప్రాజెక్టు ఆరు వారాల్లో ముగిస్తే సంపాదన భద్రత కూడా ఆరు వారాలే. రక్తంలో సీసం దిగడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టొచ్చు, ఎముకల్లో చేరింది దశాబ్దాలుంటుంది. చట్టం కాపీ కొట్టేవాళ్లు ఈ ఉపవాక్యాన్ని వదిలేయాలి.

కన్నాలు

ముప్పై రోజుల షరతు మరో కన్నం. పనివాళ్లను ఇరవై అయిదో రోజుకు మార్చేసే కాంట్రాక్టరుకు క్రమం తప్పని పరీక్షల ఖర్చు ఉండదు. పనివాడు మరుసటి నెల ఇంకో కాంట్రాక్టరు దగ్గర మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలుపెడతాడు. రోజులను యజమాని వారీగా కాకుండా మనిషి వారీగా లెక్కించే కార్డు లేకపోతే ఈ కన్నం పూడదు.

అంకెల సంగతి ఇంకా ఘోరం. 50 మైక్రోగ్రాముల గాలి పరిమితి, 40 చుట్టూ తిరిగే రక్త స్థాయిలు 1970ల నాటి విజ్ఞానం. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి తన పరిమితిని 10కి, చర్యల స్థాయిని 2కు తగ్గించింది. పనివాణ్ని తప్పించాల్సిన రక్త స్థాయిని 30కి దించింది. యూరోపియన్ యూనియన్ 2024 ఆదేశం గాలి పరిమితిని 150 నుంచి 30 మైక్రోగ్రాములకు, రక్త పరిమితిని 70 నుంచి 15కు తెచ్చింది, 2028 చివరి దాకా మధ్యంతరంగా 30 అనుమతించింది. భారత్‌లో 2016 నియమాలు 2017 నవంబరు నుంచి ఇళ్ల, అలంకరణ పెయింట్లకు 90 పీపీఎం హద్దు పెట్టాయి, కానీ అవి పర్యావరణ చట్టం కింద వచ్చినవి, పారిశ్రామిక పెయింట్లకు వర్తించవు. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు గాలి పరిమితిని 0.15 మిల్లీగ్రాములుగా పెట్టింది, అంటే అమెరికా అంకెకు మూడు రెట్లు. సీసపు విషప్రభావం తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. గీకడం, బ్లాస్టింగ్, కటింగ్ పనులకు పని వెంట నడిచే అంచెలు లేకపోతే ఆ జాబితా జబ్బు వచ్చాకే పనికొస్తుంది.

ఒంటరిగా పనిచేసే పెయింటరును అమెరికా నిబంధన కూడా తాకదు, ఎందుకంటే అక్కడి చట్టం ఉద్యోగికే వర్తిస్తుంది. అక్కడ మిగిలిన దారి పని ఇచ్చేవాడి చేతిలో ఉంది. టెండరులో సీసం ఖర్చును మొత్తం రేటులో కలిపేస్తే తక్కువ కోట్ చేసినవాడు ముందుగా కోసేది అదే. నమూనా పరీక్ష, హెపా వాక్యూమ్ అద్దె, బట్టల ఉతుకు, మనిషికి ఇన్ని రక్త పరీక్షలు అని విడివిడి ఐటెమ్‌లుగా పెట్టి, చేసిన మేరకే బిల్లు చెల్లించాలి. తుది బిల్లుకు ల్యాబు రిపోర్టులు, అందరి రక్త పరీక్ష తేదీలు జతచేయాలని షరతు పెట్టాలి. ఫలితాల అంకెలు మాత్రం పనివాడికి, డాక్టరుకు, చట్టం చెప్పిన అధికారికి తప్ప బిల్లు కట్టే గుమాస్తాకు చేరకూడదు.